అడ్డకొమ్మ

దారి పొడవెంత అని అడిగితే రత్తయ్య దింపుల్లో చెప్పాడు.

కొండపల్లి కోట వెనక మెట్ల దగ్గర్నుంచి నెమళ్ళ బండ దాకా మూడు దింపులు. అక్కణ్ణించి గట్టు మీద చలమ దాకా రెండు. మళ్ళీ కిందికి దిగి రైలుకట్ట చేరేసరికి నాలుగు. పద్మశ్రీ అనే ఆ అమ్మాయి కాయితం మీద కలం ఆనించి, ఏమీ రాయకుండా అతని మొహంలోకి చూసింది. విజయవాడలో ఏదో ప్రైవేటు కాలేజీలో పిల్లల చేత ఆటలాడించే టీచరట. కాళ్ళకి బూట్లు, నెత్తిన టోపీ. చేతిలో ఒక పొడుగాటి కర్ర, దాని చివర చిన్న సైకిలు చక్రం, చక్రానికి ఒక మీటరు.

"దింపు అంటే ఎన్ని కిలోమీటర్లండీ రత్తయ్యగారూ?"

తన పేరు చివర గారు తగిలించిన మనిషి అతనికి ఇంతవరకూ తారసపడలేదు. మెడ రుద్దుకున్నాడు. నెత్తిన మోపుతో మనిషి ఆగకుండా నడవగలిగినంత దూరం ఒక దింపు. దింపుకొక బండ ఉంటుంది, మనిషి తల ఎత్తున. ఎవరి సాయమూ లేకుండా మోపును దాని మీదికి జార్చి, మెడ సవరించుకుని, చెమట తుడుచుకుని, మళ్ళీ అలాగే తలకెత్తుకుని పోవచ్చు. ఎక్కేటప్పుడు ఖాళీ చేతులు కాబట్టి ఎవరూ దింపులు లెక్కపెట్టరు. కొండకి పొడవుండేది దిగేటప్పుడే. ఇదంతా ఆ పిల్లకి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? మీ చక్రమే చెబుతుంది లెండమ్మా అని ముందు నడిచాడు.

వెంకటకృష్ణారావు వాళ్ళ వెనక రొప్పుకుంటూ వస్తున్నాడు. ఆయన ఆటోనగర్లో లారీ కమాను పట్టీల వ్యాపారి. ఒంట్లో షుగరుందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ పొద్దున్నే కాలవగట్టు మీద పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఆయన్ని చూసి మరో నలుగురు, వాళ్ళని చూసి మరో పదిమంది. కృష్ణా పుష్కరాలు వెళ్ళిన మరుసటేడు, మార్గశిరం వచ్చేసరికి అరవైమందయ్యారు. క్లబ్బు పెట్టారు. గట్టు మీద చదును దారి విసుగెత్తి, ఇక కొండల్లో, అడవిలో పరుగెత్తాలనుకున్నారు. ఫారెస్టు ఆఫీసులో అనుమతి పుచ్చుకున్నారు. వచ్చే ఆదివారమే పరుగు. రేంజి ఆఫీసరే ముఖ్య అతిథి. దారులు తెలిసిన మనిషి కావాలని కొండపల్లిలో అడిగితే నలుగురూ రత్తయ్య ఇంటినే చూపించారు.

ముప్పయ్యేళ్ళు ఆ దారుల్లో మోపులు దించినవాడు. నిరుడు ఇదే రోజుల్లో నెమళ్ళ బండ కింద కాలు జారి ఎడమ మోకాలి చిప్ప తప్పుకుంది. వట్టి చేతులతో అయితే ఇప్పటికీ ఎక్కగలడు, దిగగలడు. నెత్తిన బరువు పెడితే మాత్రం మోకాలు వదులైన గడియలా టక్కుమని జారుతుంది. రోజూ పొద్దు వాలేవేళకి పక్కింట్లో ఉండే అక్క కొండలమ్మ గిన్నెలో ఇంత కూర తెచ్చి గడప మీద పెట్టి, పిలిచి పోతుంది. ఆ మూత తియ్యడం అతనికి రోజురోజుకీ కష్టంగా ఉంది.

రెండో దింపు బండ దగ్గర వెంకటకృష్ణారావు ఆగి, సీసాలో నీళ్ళు తాగి, రత్తయ్యకి కూడా ఇచ్చాడు.

"ఆదివారం సవ్యంగా జరిగిందంటే ప్రతి వారం పరుగే రత్తయ్యా. ముళ్ళు కొట్టాలి, గుర్తులు పెట్టాలి, మలుపుల్లో కూర్చోవాలి. దారి చూసుకునే మనిషి ఒకడుండాలి. మోత పని కాదు. ఆ మనిషివి నువ్వే అనుకో."

రత్తయ్య సీసా పెదాలకి తగలకుండా ఎత్తి పోసుకున్నాడు. తమ దయండి అన్నాడు. నీళ్ళు గొంతులో చల్లగా దిగాయి.

మూడో దింపు దాకా దారి ఒకటే, చీలికల్లేవు. నెమళ్ళ బండ దగ్గర మొదటిసారి రెండవుతుంది. కుడి పాయ బోడిగట్టు మీదుగా రాళ్ళలో పడి చలమకి పోతుంది. ఎడమ పాయ చెట్ల కిందికి జారి లోయలోకి దిగుతుంది. ఆ ఎడమ పాయ మొదట్లో ఒక బలుసు కొమ్మ అడ్డంగా పడి ఉంది. నరికి రెండు మూడు రోజులైనట్టుంది, ఆకు వాడింది గాని ఇంకా రాలలేదు.

మోపులకి పోయేవాళ్ళలో అదొక కట్టుబాటు. ఒక దారిలోకి పోకూడదంటే దాని మొదట్లో పచ్చికొమ్మ నరికి అడ్డంగా పడేస్తారు. తేనెటీగలు లేచి ఉండొచ్చు, బండ కదిలి ఉండొచ్చు, ఎవరో కొట్టిన కర్ర ఆరబెట్టుకుని ఉండొచ్చు. ఎందుకని అడగరు. వేసినవాళ్ళు తీసేదాకానో, ఆకు ఎండి రాలేదాకానో ఎవరూ దాటరు. రత్తయ్య తాత నాటికే అది పాత కట్టుబాటు.

రత్తయ్య బండని చుట్టి కుడి దారిలో అడుగుపెట్టాడు. వెనక చక్రం చప్పుడు ఆగింది.

"ఇటేముందండీ?" అంది పద్మశ్రీ.

"ఏం లేదమ్మా. గుడ్డి దారి. కాస్త దూరం పోయి ఆగిపోద్ది."

ఆమె మెడ సాచి చెట్ల కిందికి చూసింది. లోపల ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఎక్కడో నీళ్ళ చప్పుడు. చక్రం టిక్కుటిక్కుమంటూ కదిలింది.

ఆ లోయలో పొణికి చెట్లున్నాయి. బొమ్మల వీధిలో ఏనుగు అంబారీ అయినా, కల్లుగీత మనిషయినా ఆ కర్రతోనే అవుతుంది. ఒకప్పుడు కోట గోడ పక్కనే ఉండేవి, ఇప్పుడు ఆ లోయలోకి పోతే తప్ప కనపడవు. కొండలమ్మ, ఆమెతో తొమ్మిదిమంది ఆడవాళ్ళు వాగు వైపు నుంచి పైకెక్కి, కూలిన చెట్టో వాడిన కొమ్మో చూసుకుని కొట్టి, తోలు ఒలిచి, అక్కడే బండల మీద ఆరబెట్టి, బరువు తగ్గాక మోపులు కట్టి దించుతారు. కొట్టడానికి అనుమతి ఉన్నదీ లేనిదీ ఏడాదికో మాట. మోసేవాళ్ళ దాకా ఆ మాట ఎప్పుడూ ఆఖర్నే వస్తుంది.

ముందురోజు సాయంత్రం ఈ పని ఒప్పుకున్నానని రత్తయ్య చెప్పినప్పుడు కొండలమ్మ వాకిట్లో కూర్చుని మోపుతాడు పేనుతోంది. తాడు కొస కాలి బొటనవేలికి తగిలించి, గట్టిగా లాగి చూసుకుంది.

"నీ మోకాలికి ఇది దేవుడిచ్చిన పనిరా. కొండంతా చూపించు, కాదనను. లోయ మాత్రం చూపించమాక. మా పదిమందికీ మిగిలింది అదొక్కటే."

చూపించనని రత్తయ్య అన్నాడు. ఒట్టేస్తానని చెయ్యి చాచబోతే ఆమె ఆ చేతిని పక్కకి నెట్టి, తాడు చుట్ట చుట్టింది.

*

శుక్రవారం పద్మశ్రీ అతనికి సున్నంతో బాణం గుర్తు వెయ్యడం నేర్పింది. పిడికిట్లో సున్నం పట్టుకుని ముగ్గులాగా వదలడమే. ఆమె వేసినవి బాణాల్లా ఉన్నాయి. రత్తయ్య వేసినవి చేపల్లా ఉన్నాయి. ఆమె చూసి, ఏం పర్లేదండీ, తల ఎటుంటే అటు పోతారు అని నవ్వింది. ఆ మాటకి రత్తయ్య కూడా నవ్వాడు. ఈ మధ్య అతను నవ్వింది అదే.

రెండు రోజులు ఒక్కడే తిరిగాడు. సున్నం బస్తాని ఒక్కసారిగా మొయ్యలేడు కాబట్టి చిన్న సంచిలో ఇంతింత పోసుకుని నాలుగు విడతలుగా ఎక్కాడు. దారికి అడ్డొచ్చిన చండ్ర ముళ్ళు కొట్టాడు. ఎడమచేతివాటం మనిషి, అతను కొట్టిన కొమ్మకి కోత అందరిదీ వాలినట్టు వాలదు, అవతలివైపుకి వాలుతుంది. కదిలే రాళ్ళని కాలితో తొక్కి చూసి, పక్కకి దొర్లించాడు. నెమళ్ళ బండ దగ్గర కుడివైపుకి తల పెట్టి వరసగా మూడు చేపలు వేశాడు. వేసి, దూరం నుంచి ఒకసారి చూసుకున్నాడు. ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. కింద థర్మల్ పొగగొట్టాల పొగ ఒకే వైపుకి వంగి పోతోంది. తూర్పు గాలి తిరిగిందని అతనికి అప్పుడే అనుమానం తగిలింది.

శనివారం నాలుగింటికి వాన మొదలైంది. సముద్రంలో వాయుగుండం అన్నారు. చినుకు కాదు, తాడులా దిగిన వాన. రత్తయ్య చూరు కింద నిలబడి కొండ వైపు చూస్తూ ఉన్నాడు. చేపలన్నీ కరిగి రాళ్ళ సందుల్లోకి పోతూ ఉంటాయి. పక్కింటి చూరు కింద కొండలమ్మ కూడా అలాగే నిలబడింది. తోలు ఒలిచిన పొణికి తడిస్తే నల్లబడుతుంది. నల్లబడిన కర్రని బొమ్మలవాళ్ళు ముట్టరు. రెండు చూర్ల మధ్య నీళ్ళు ధార కట్టి పడుతున్నాయి. రేపు పొద్దున్నే మేం వాగు పక్కన ఎక్కి కర్ర తిరగేసుకుంటాం, మీవాళ్ళు ఆ చాయలకి రారుగదా అని ఆమె అడిగింది. రారు, వాళ్ళ దారి గట్టు మీంచి, నేను పైన కొమ్మ వేసి ఉంచుతాను అని రత్తయ్య చెప్పాడు. ఆ మాటతో ఆమె లోపలికి పోయింది.

వాన మూలంగా పరుగుని ఎనిమిదింటికి వెనక్కి జరిపారు. రత్తయ్య తొలి వెలుగులోనే కొండెక్కాడు. ఇంట్లో మిగిలిన సున్నం తడిసి ముద్దకట్టి ఉంది, ఎందుకూ పనికిరాలేదు. కత్తి ఒకటి మొలలో దోపుకుని పోయాడు. అనుకున్నట్టే ఒక్క గుర్తూ లేదు. దారంతా మట్టి వాసన, ఆకుల మీంచి నీళ్ళు.

చీలికలు మొత్తం నాలుగు. నాలుగిటికీ అతని చేతులకి తెలిసిన పనే చేశాడు. పోకూడని పాయ మొదట్లో పచ్చికొమ్మ నరికి అడ్డంగా పడేశాడు. లోయ దారికి మాత్రం చిన్నదాంతో తృప్తి కలగలేదు. పెద్ద మద్ది కొమ్మ, తన పొడవుకి రెట్టింపుది, గుబురుగా ఆకున్నది చూసి కొట్టి, ఈడ్చుకొచ్చి, దారికి ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిచాడు. మోకాలు నొప్పెట్టింది. బండ మీద కాసేపు కూర్చున్నాడు. లోయలోంచి పిట్టల అరుపు తప్ప ఏమీ వినపడలేదు. ఇక అక్క నిశ్చింతగా కర్ర తిరగేసుకోవచ్చనుకున్నాడు.

*

కోట కింద షామియానా వేశారు. అరటిపళ్ళ గెలలు, గ్లూకోజు నీళ్ళ డబ్బాలు, మైకు. మనుషులందరూ ఒకే రంగు బనీన్లలో గాల్లో కాళ్ళాడిస్తూ, నడుములు వంచుతూ ఉన్నారు. రేంజి ఆఫీసరు కూడా బూట్లు కట్టుకుంటున్నాడు. వెంకటకృష్ణారావు రత్తయ్యని చూడగానే గబగబా వచ్చాడు.

"గుర్తులున్నాయా, పోయినయ్యా?"

"సున్నం పోయిందండి. కొమ్మలేసొచ్చాను."

"అన్ని మలుపుల్లో?"

"చీలికున్న ప్రతిచోటా వేశానండి. నెమళ్ళ బండ దగ్గర పెద్దదేశాను."

శెభాష్ అని భుజం తట్టి ఆయన మైకు వైపు పోయాడు. రత్తయ్యని నీళ్ళ డబ్బాలతో ఆటోలో రైలుకట్ట దగ్గరికి పంపారు, దిగివచ్చేవాళ్ళకి అందివ్వడానికి. మైకులో ఆయన ఏం చెప్పాడో ఆటో చప్పుడులో అతనికి వినపడలేదు.

రైలుకట్ట దగ్గర పద్మశ్రీ గడియారం పట్టుకుని కూర్చుంది. ముందొచ్చేవాళ్ళు యాభై నిమిషాల్లో రావాలంది. యాభై అయింది. గూడ్సు ఒకటి బొగ్గు పెట్టెలతో నెమ్మదిగా పోయింది. గంటంబావు అయింది. రత్తయ్య కొండ మొగం చూస్తూ నిలబడ్డాడు. గట్టు మీద ఒక్క మనిషి కదలడం లేదు. గట్టు బోడిది, ఎవరున్నా అక్కణ్ణించే కనపడాలి. పద్మశ్రీ సెల్‌ఫోను చెవి దగ్గర పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుంటోంది. చివరికి ఎవరో స్కూటరు మీద వచ్చి, అందరూ వాగు దగ్గర దిగారని కేకేశాడు.

వాగు దగ్గరికి అతను వెళ్ళేసరికి వాళ్ళు బురద కాళ్ళతో, నవ్వుకుంటూ, ఒకళ్ళ వీపులు ఒకళ్ళు చరుచుకుంటూ ఉన్నారు. ఒకతని చేతిలో పొణికి ఆకు ఉంది, కింది వైపు తెల్లగా. విసనకర్రలా విసురుకుంటున్నాడు. వెంకటకృష్ణారావు రత్తయ్యని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఏం దారి రత్తయ్యా! చెట్ల కింద నీడే నీడ. పక్కనే నీళ్ళు. ముప్పయ్యేళ్ళ నుంచీ దాచుకున్నావటయ్యా?"

"అటు పోకూడదండి," అన్నాడు రత్తయ్య. "కొమ్మేశాను గదండి."

"కొమ్మ చూసే కదా దిగాం. పచ్చికొమ్మ ఎక్కడుంటే అటు తిరగండని మైకులో అందరికీ చెప్పాను. అంత పెద్ద కొమ్మ, ఎవరికి కనపడదు?"

రత్తయ్య తన ఎడమచేతి వైపు చూసుకున్నాడు. మద్ది జిగురు ఇంకా వేళ్ళకి అంటుకునే ఉంది.

అప్పుడే లోయ దారిలోంచి ఆడవాళ్ళు దిగారు. పదిమంది, వరసగా, నెత్తిన పొణికి మోపులతో. ఒక్క క్షణం అతనికి వాళ్ళు రోజూ వచ్చినట్టే వస్తున్నారనిపించింది. ముందు కొండలమ్మ, మోపు ముందువైపు కాస్త వంచి, ఎప్పటి నడకే. వాళ్ళ వెనక ఇద్దరు ఫారెస్టు గార్డులు, పరుగు బూట్లతోనే రేంజి ఆఫీసరు. బొమ్మల వీధి వైపు తిరగాల్సిన చోట వాళ్ళు తిరగలేదు. తిన్నగా జీపు దగ్గరికి నడిచారు. జీపు పైకెక్కదు కాబట్టి కర్రని వాళ్ళ చేతే దింపించారు. ఒక్కొక్కరూ మోపు జీపులో పడేసి, చుట్టకుదురు తల మీంచి తీసి చేత్తో పట్టుకుని, పక్కన నిలబడ్డారు. ఆఫీసరు కటువుగా ఏమీ మాట్లాడలేదు. ఒక కాయితం మీద పదిమంది చేతా వేలిముద్రలు వేయించుకుని, ఈసారికి వదిలేస్తున్నానని, ఇంకోసారి లోయలో కనిపిస్తే కేసేనని చెప్పాడు. చెప్పాల్సిన మాటే చెప్పాడు.

బనీన్ల వాళ్ళలో ఒకావిడ కొండలమ్మని మోపుతో నిలబడమని ఫోటో తీసుకుంది. అప్పటికే ఆమె మోపు దించేసింది. ఇంకోసారి ఎత్తుకోమ్మా అంటే కొండలమ్మ ఎత్తుకుని నిలబడింది. రత్తయ్య నాలుగు గజాల దూరంలో ఉన్నాడు. ఆమె కళ్ళు అతని మీద పడ్డాయి. కోపం ఉంటే బాగుండునని అతను వెతికాడు. దారి పక్క చెట్టుని చూసినట్టు చూసి, ఆమె మోపు మళ్ళీ జీపులో పడేసింది.

ఆ సాయంత్రం కూర గిన్నె గడప మీదికి వచ్చింది. పిలుపు మాత్రం రాలేదు.

*

సోమవారం రత్తయ్య రెండు బస్సులు మారి ఆటోనగర్ వెళ్ళాడు. అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు. నేలంతా నూనె ఇంకి నల్లగా ఉంది. ఎటు చూసినా విప్పదీసిన లారీలు, చక్రాల్లేని ఇరుసులు. సుత్తి దెబ్బలు ఎక్కడో ఆగితే ఇంకెక్కడో మొదలవుతున్నాయి. వెంకటకృష్ణారావు కొట్లో కమాను పట్టీలు పెద్దవాటి మీద చిన్నవి పేర్చి ఉన్నాయి. ఆయన రత్తయ్యని చూసి సంతోషించి, స్టూలు వేయించి, టీ తెప్పించాడు. పద్మశ్రీ బల్లకి అటు చివర కూర్చుని కొత్త దారి కొలతలు రాసుకుంటోంది.

రత్తయ్య దారి పొడుగునా కూడదీసుకున్నదంతా చెప్పాడు. కొమ్మ అంటే అటు పొమ్మని కాదు, పోవద్దని. తమవాళ్ళకి అది చిన్నప్పట్నించీ ఉన్న కట్టుబాటు. తను అక్కకి మాటిచ్చాడు. పొరపాటు తనదే, విడమరచి చెప్పకపోవడం తనదే. క్లబ్బువాళ్ళు గట్టు దారినే పోతే, ఆఫీసరుగారికి ఒక మాట చెప్పి ఆ కర్ర ఇప్పిస్తే, పదిమంది ఆడవాళ్ళు బతుకుతారు. ఇంత మాట అతను జీవితంలో ఒక్కసారిగా మాట్లాడలేదు. టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

వెంకటకృష్ణారావు శ్రద్ధగా విన్నాడు. చివర్లో పకపకా నవ్వాడు, చెడ్డ నవ్వు కాదు. చూశావా పద్మశ్రీ, ఆయన పోవద్దని వేస్తే మనం అదే పట్టుకుని పోయాం అన్నాడు. ఆమె నవ్వలేదు. తల ఎత్తి, ఆ రోజు గుడ్డి దారి అన్నారు కదండీ అని మెల్లగా అంది. రత్తయ్య ఔనమ్మా అన్నాడు. ఆమె మళ్ళీ కాయితంలోకి తల వంచుకుంది, కలం మాత్రం కదల్లేదు.

వెంకటకృష్ణారావు నవ్వు ఆపి, ఏదో తట్టినట్టు బల్ల మీదికి వంగాడు.

"అయితే మీవాళ్ళు కొమ్మ దాటరన్నమాట."

"దాటరండి."

"ఎవరూ?"

"ఎవరూ దాటరండి. పెళ్ళివారొచ్చినా చుట్టు తిరిగి పోవాల్సిందే." ఆ మాట అంటున్నప్పుడు రత్తయ్య నడుము కాస్త నిటారుగా అయింది.

ఆయన బల్ల సొరుగు లాగి ఒక టోపీ, ఎర్ర తాడుకి కట్టిన విజిలు తీసి అతని ముందు పెట్టాడు. సంగతి ఇదీ అని చెప్పుకొచ్చాడు. లోయ దారి అందరికీ నచ్చింది, ప్రతి ఆదివారం పరుగు ఇక అక్కడే, వాగు దగ్గర మొదలుపెట్టి పైకి. అనుమతి వచ్చింది. ఒకటే షరతు, మోపులవాళ్ళు ఆ దారిలో కనపడకూడదు. కంచె వెయ్యాలా, గేటు పెట్టాలా అని నిన్నట్నించీ తల బద్దలు కొట్టుకుంటున్నాడట.

"కంచె ఎందుకిక? నువ్వొక కొమ్మ వెయ్యి. ఎండేలోగా ఇంకోటి వెయ్యి. మీవాళ్ళ కట్టుబాటే కదా, వాళ్ళకీ నామోషీ ఉండదు. వాళ్ళు లోపలికొస్తే కేసులవుతాయి రత్తయ్యా. మీ అక్క స్టేషన్ల చుట్టూ తిరగడం నీకిష్టమా?"

రత్తయ్య టోపీ వైపు చూశాడు. కర్ర సంగతేమైందని అడిగాడు. అది గవర్నమెంటు చేతిలోకి పోయింది, నా చేతిలో లేదు అన్నాడు ఆయన, నిజమైన బాధతోనే. పక్క షెడ్డులో ఎర్రగా కాల్చిన పట్టీని వంపు తిప్పుతున్నారు. ఇద్దరు మనుషులు, ఒకడు పట్టకారు పట్టుకుంటే ఒకడు సుత్తి వేస్తున్నాడు. రత్తయ్య ఆ వంపు పూర్తయ్యేదాకా చూసి, లేచాడు. టోపీ నెత్తిన పెట్టుకోలేదు. చేత్తో పట్టుకున్నాడు.

*

ఆ వారమంతా కూర గిన్నె వస్తూనే ఉంది. రెండుసార్లు అతను గోడ దాకా వెళ్ళి అక్కా అని పిలిచాడు. ఒకసారి ఆమె చీపురు పట్టుకుని పెరట్లోకి పోయింది. ఇంకోసారి తల ఎత్తింది, అతని మొలలో కత్తినీ, గూట్లో పెట్టిన టోపీనీ ఒకసారి చూసి, ఏం అంది. ఏం చెప్పాలి? పచ్చికొమ్మ చూసి జనం లోపలికి పోయారంటే కొండ మీద పుట్టినవాళ్ళెవరు నమ్ముతారు? తనే ఇంకొకడి నోట వింటే నమ్మడు. ఏం లేదక్కా అన్నాడు.

ఆదివారం తెల్లగా వెలుగొచ్చాక వాగు దగ్గరికి పోయాడు. వాన నీరు తీసి, రాళ్ళు తేలాయి. లోయ దారి మొదట్లో నిలబడి చాలాసేపు కొమ్మ కోసం చూశాడు. చేతికందేంతలో మద్ది కొమ్మలున్నాయి, గుబురువి. వాటిని వదిలేశాడు. చివరికి వేలి లావు బలుసు కొమ్మ ఒకటి కొట్టాడు, మూరెడు పొడవుంటుందేమో, నాలుగు రెమ్మలు. దాన్ని దారికి అడ్డంగా పెట్టాడు. దారి సగం కూడా నిండలేదు. కాలి బొటనవేలితో పక్కకి తోసెయ్యొచ్చు. చూడనట్టు దాటిపోవచ్చు. ఇదా కొమ్మ అని తిట్టి దాటిపోవచ్చు. తిట్టాలనే అతని ఆశ. కొండలమ్మ దాటితే తను చూడనే లేదని చెప్పడానికి నోట్లో మాట సిద్ధం చేసుకుని, బండ పక్కన కూర్చున్నాడు. మెడలో విజిలు చొక్కా లోపలికి తోసేశాడు.

ఆడవాళ్ళు వచ్చారు. భుజాల మీద తాళ్ళు, చేతుల్లో చుట్టకుదుళ్ళు. మొత్తం ఏడుగురే. ముగ్గురు ఆటోనగర్లో ఇనప తుక్కు ఏరడానికి కుదిరారని అతను విన్నాడు. ముందు నడుస్తున్న కొండలమ్మ కొమ్మకి రెండడుగుల దూరంలో ఆగింది. ఆమె ఆగితే వెనక అందరూ ఆగారు. వాళ్ళలో చిన్నది హన్నా, నిరుడే మోపులకి రావడం మొదలుపెట్టింది.

"ఇంతే కొమ్మ గదత్తా. తీసి పారేద్దాం," అంది.

కొండలమ్మ వంగి చూసింది, ముట్టుకోలేదు. కోత అవతలివైపుకి వాలి ఉంది. ఆ కొండ మీద అలా కొట్టే చెయ్యి ఒక్కటే. ఆమె నడుము ఎత్తి, బండ వైపు చూడకుండానే మాట్లాడింది.

"ఇంత చిన్నదేశావేంరా?"

రత్తయ్య లేచి నిలబడ్డాడు. మోకాలు టక్కుమంది.

"దాటక్కా. నేను చూళ్ళేదంటాను. ఇంకో అరగంటకి గాని వాళ్ళు రారు."

"చిన్నదైతే దాటొచ్చని ఎవరు చెప్పారు నీకు?"

హన్నా ఒకసారి అతని వైపు, ఒకసారి కొండలమ్మ వైపు చూసింది.

"ఇయ్యాళ నేను దాటితే రేపు ఈ పిల్ల దాటుద్ది. ఎల్లుండి తేనెటీగలు లేచినప్పుడు కొమ్మేసి ఎవర్ని ఆపుతాంరా? మనకి ఉన్నదే అదొకటి."

ఆమె భుజం మీద తాడు తీసి మళ్ళీ చుట్ట చుట్టింది, తొందర లేకుండా, మూరకి మూర కొలిచినట్టు. చుట్టి, చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగింది.

"గిన్నెలు మూడు నీ దగ్గరే ఉండిపోయినయ్యి. కడిగి గడప మీద పెట్టు. నేనొచ్చి తీసుకుంటాను."

ఏడుగురూ వాగు రాళ్ళ మీంచి ఒకరి వెనక ఒకరు పోయారు. తల మీద బరువు లేకపోయినా మోపు మోస్తున్న నడకే నడిచారు, మెడలు నిటారుగా, చేతులు కదపకుండా. వాళ్ళు తుమ్మల మలుపు తిరిగేదాకా రత్తయ్య నిలబడే ఉన్నాడు. తర్వాత కొమ్మ దగ్గరికి వచ్చాడు. తీసెయ్యడానికి వంగాడు. చెయ్యి దాని మీదికి పోలేదు. ఆమె దాటని కొమ్మని తీసే హక్కు తనకుందా అన్నది అతనికి తేలలేదు. వేసినవాడు తీయొచ్చు, కట్టుబాటు అదే. కాని వేసింది తనేనా?

ఆలోచన తెగకముందే తారు రోడ్డు మీద వ్యానులు ఆగిన చప్పుడు, తలుపులు వేసిన చప్పుడు వినిపించాయి. మనుషులు ఒళ్ళు విరుచుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. పద్మశ్రీ గొంతు వాళ్ళలో లేదు. వెంకటకృష్ణారావు దూరం నుంచే చెయ్యి ఊపాడు. కొమ్మ మీద ఆయన చూపు పడింది; బొటనవేలు పైకెత్తి చూపించాడు.

ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి, ఎవరో ఈల వేశారు. గుంపు కదిలింది. ముందు వచ్చినవాడు కొమ్మ దగ్గర అడుగు కాస్త సాచాడు. వెనకవాడూ సాచాడు. తెల్ల బూట్లు, నీలం బూట్లు, ఎర్ర తాళ్ళ బూట్లు, ఒక జత తర్వాత ఒక జత లేచి, దాటి, అవతల పడి, చెట్ల నీడలోకి పోతున్నాయి. కొందరు రత్తయ్యకి గుడ్మార్నింగు చెప్పారు. అతను టోపీ చేత్తో పట్టుకుని దారి పక్కన నిలబడి కింద కొమ్మనే చూస్తున్నాడు.

చిన్న కొమ్మ కదా. అరవైమంది దాటినా ఒక్క కాలూ దానికి తగల్లేదు. ఒక్క ఆకూ రాలలేదు.